నా కాలేయం ఎవరి లెక్కలో ఉంది?

ప్రతి ఏడాదీ జూలై 29 ఉదయం పేపరు జిల్లా పేజీలో ఒకే ఫొటో ఉంటుంది. ముందు వరుసలో అధికారులు. వాళ్ళ వెనక బానరు పట్టుకుని, ఎండకి కళ్ళు చిట్లించుకుంటూ నర్సింగ్ విద్యార్థినులు. కింద 'హెపటైటిస్‌పై అవగాహన ర్యాలీ' అని నాలుగు లైన్ల వార్త. ముందురోజు, అంటే జూలై 28, ప్రపంచ హెపటైటిస్ దినం. హెపటైటిస్ బి వైరస్‌ని కనిపెట్టి 1976లో నోబెల్ బహుమతి అందుకున్న బరూక్ బ్లూంబర్గ్ పుట్టినరోజు అది. ర్యాలీల మీద నాకేమీ కోపం లేదు. నా కోపమంతా ఆ బానరు మీద రాసే మాటల మీద. 'తల్లి నుంచి బిడ్డకు సోకకుండా కాపాడుదాం' అని ఒకటి. 'గర్భిణులందరూ తప్పనిసరిగా పరీక్ష చేయించుకోవాలి' అని ఇంకొకటి. బొమ్మ కూడా ఎప్పుడూ ఒకటే. ఒళ్ళో బిడ్డతో తల వంచుకుని కూర్చున్న స్త్రీ. ఆ బొమ్మలో ఒక మగవాడిని నేనింతవరకూ చూడలేదు.

బిడ్డను కాపాడాలి. కాదనేదెవరు? కానీ ఎవరి నుంచి? ఆ బానరు ప్రకారం తల్లి నుంచి! మరి ఆ తల్లిని దేని నుంచి కాపాడాలి? కాన్పు అయిపోయాక ఆమె కాలేయం సంగతేమిటి? ఈ ప్రశ్న ఏ బానరు మీదా లేదు. దాన్ని అడగడానికే ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. డిగ్రీ కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకునేదాన్ని. ఈ వైరస్‌ని ఒంట్లో పెట్టుకుని బతుకుతున్నదాన్ని. ఆ సంగతి నాకు 2004లో తెలిసింది. అది నా ఒంట్లోకి వచ్చింది మాత్రం, బహుశా, నేను పుట్టిన రోజునే.

ముందు జబ్బు సంగతి చెప్పుకోవాలి. ఎందుకంటే చదువుకున్నవాళ్ళం, నలుగురికి చెప్పేవాళ్ళం అనుకునే మనలోనే చాలామందికి ఎ కి, బి కి తేడా తెలియదు. మన భాషలో కాలేయానికొచ్చే వ్యాధులన్నిటికీ కలిపి ఒకటే పేరు, పచ్చకామెర్లు. కలుషితమైన నీళ్ళ వల్ల, తిండి వల్ల వచ్చే ఎ, ఇ రకాలు వేరు. అవి కొన్ని వారాలు మంచాన పడేసి చాలామందిలో వాటంతటవే పోతాయి. (ఇ రకం నిండు గర్భిణుల ప్రాణం తీయగలదు. దాని గురించి వేరే వ్యాసం రాయాలి.) బి అలాంటిది కాదు. రక్తం ద్వారా వస్తుంది, లైంగిక సంబంధం ద్వారా వస్తుంది, కాన్పు సమయంలో బిడ్డకు వస్తుంది. కళ్ళు పచ్చబడాలని లేదు. ఏ బాధా లేకుండా ఇరవై ముప్పై ఏళ్ళు ఒంట్లో ఉండిపోయి, కొందరిలో సిర్రోసిస్‌గానో కాలేయ కాన్సర్‌గానో బయటపడుతుంది. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన నివేదిక ప్రకారం 2022 నాటికి ప్రపంచంలో 25 కోట్ల 40 లక్షల మంది దీర్ఘకాలిక హెపటైటిస్ బి తో బతుకుతున్నారు. మన దేశంలోనే 2 కోట్ల 98 లక్షల మంది. ఆ ఒక్క ఏడాదిలో ప్రపంచం మొత్తం మీద దీనివల్ల 11 లక్షల మంది చనిపోయారు. చాలామందికి తమకిది ఉన్నట్టే తెలియదు.

ఇంత పెద్ద జబ్బుకి మన సాహిత్యంలో చోటెక్కడుంది? గర్భసంచి గురించి రాశాం, రొమ్ము కాన్సర్ గురించి రాశాం, హెచ్.ఐ.వి. గురించి కథలు రాశాం, సంకలనాలు వేశాం. కాలేయం గురించి రాసినప్పుడల్లా అది మగవాడి కాలేయమే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం దగ్గరనుంచీ మనకి 'లివర్ చెడిపోవడం' అంటే తాగి తాగి పడిపోయిన భర్తే. ఆ కోపం న్యాయమైనదే. కానీ దాని నీడలో ఇంకోటి జరిగింది. ఆడమనిషికి లివర్ పోయిందంటే జనం మొదట అడిగే ప్రశ్న 'ఆవిడకి ఆ అలవాటుందా?' అని. అది కాదని తేలితే రెండో ప్రశ్న, 'మరి ఎలా వచ్చింది?' ఆ రెండో ప్రశ్న మొదటిదానికంటే హీనం. దానిలో ఏం దాగి ఉందో మీకు చెప్పనక్కరలేదు.

ఆ 'ఎలా వచ్చింది' అన్నదానికి శాస్త్రం చెప్పే జవాబు వింటే, అడిగినవాళ్ళు సిగ్గుపడాలి. పెద్దయ్యాక ఈ వైరస్ సోకినవాళ్ళలో నూటికి తొంభై అయిదుమందికి పైగా దాన్ని తామే వదిలించుకుంటారు. అయిదుగురిలోపే అది స్థిరపడుతుంది. అదే పుట్టుకలో గానీ మొదటి ఏడాదిలో గానీ సోకితే నూటికి తొంభైమందిలో అది జీవితాంతం ఉండిపోతుంది. అంటే పాతికేళ్ళ స్త్రీ రక్తంలో ఈ వైరస్ స్థిరంగా ఉన్నట్టు తేలితే, అది ఆమెకు ఊహ తెలియని వయసులోనే వచ్చి ఉండడానికి అవకాశం ఎక్కువ. ఆమె శీలం మీద వేసే ప్రతి ప్రశ్నా ఒక పసిపాప శీలం మీద వేస్తున్న ప్రశ్న!

అయినా ప్రశ్న ఆమెకే ఎందుకు? ఎందుకంటే పరీక్ష జరిగేది ఆమెకే గనక. మగవాడు రక్తదానం చేస్తేనో, ఆపరేషన్‌కి వెళ్తేనో, గల్ఫ్‌కి వెళ్ళాలనుకుంటేనో తప్ప ఈ పరీక్ష జోలికి పోడు. ఆడది గర్భం దాల్చగానే ఆమె రక్తం వ్యవస్థ చేతిలో పడుతుంది. హిమోగ్లోబిన్, షుగరు, హెచ్.ఐ.వి., సిఫిలిస్, హెచ్.బి.ఎస్.ఎ.జి. ఆ పరీక్ష మంచిదే, ఉండాల్సిందే. కానీ దాని ఫలితంగా ఇంట్లో మొదట దొరికేది ఆమె. మొదట దొరికినవాళ్ళే తెచ్చినవాళ్ళవుతారు. దొంగతనం జరిగిన ఇంట్లో పనిమనిషినొక్కదాన్నే సోదా చేసినట్టు ఉంటుంది ఇది.

నా సంగతి చెప్తాను. ఐదో నెలలో రిపోర్టు వచ్చింది. నర్సింగ్ హోమ్‌లో నా కేసు షీటు మీద ఎర్ర సిరాతో, అంగుళమంత అక్షరాలతో రాశారు. ఆ రోజునుంచీ నేను వెళితే ఆఖరున చూసేవాళ్ళు. కాన్పుకి 'స్పెషల్ కిట్' అని విడిగా డబ్బు కట్టించుకున్నారు. బిడ్డకి వెంటనే ఇవ్వాల్సిన ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షను మా ఊళ్ళో దొరకలేదు. మా తమ్ముడు హైదరాబాదులో కొని, ఐసు పెట్టెలో పెట్టుకుని రాత్రి బస్సులో తెచ్చాడు. టీకా, ఆ ఇంజెక్షనూ రెండూ పాప పుట్టిన పన్నెండు గంటల్లోపు పడ్డాయి. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత ఒక ఆయా వచ్చి పాలపొడి డబ్బా చేతిలో పెట్టి 'మీరు పాలివ్వకూడదంటమ్మా' అంది. ఎవరన్నారంటే తెలియదు. అది శుద్ధ అబద్ధం. పుట్టగానే టీకా పడిన బిడ్డకి తల్లి నిరభ్యంతరంగా పాలివ్వొచ్చు. టీకా లేని రోజుల్లో కూడా తల్లిపాల వల్ల ప్రమాదం పెరుగుతుందని తేలలేదు.

ఇంటికొచ్చాక నాకో కంచం, నాకో గ్లాసు వేరయ్యాయి. ఈ వైరస్ కంచం వల్ల రాదు, గ్లాసు వల్ల రాదు, ఒకే పళ్ళెంలో తిన్నా రాదు, కౌగిలించుకున్నా రాదు. రేజరు, బ్లేడు, గోళ్ళు తీసుకునే కత్తెర, టూత్ బ్రష్ లాంటివి పంచుకోకూడదు, అంతే. ఎండిన రక్తపు మరకలో కూడా ఇది ఏడు రోజులదాకా బతికి ఉండగలదు కనక ఆ జాగ్రత్త. కానీ కంచం వేరు చేయడానికి మనకి వైరస్ గురించి తెలియనక్కరలేదు. ఆ విద్య మనకి ముందే వచ్చు. మైల, అంటు, ముట్టు, రెండు గ్లాసుల పద్ధతి... వేల ఏళ్ళ సాధన! కొత్త జబ్బు ఎప్పుడొచ్చినా ఆ పాత సామాను అటక మీద నుంచి దించుకోవడమే.

మా ఆయన్ని పరీక్ష చేయించుకోమని ఆ నర్సింగ్ హోమ్‌లో ఎవరూ అనలేదు. నేనే పట్టుబట్టి చేయించాను. నెగెటివ్ వచ్చింది. వెంటనే మూడు డోసుల టీకా మొదలుపెట్టించాను. అది మంచి వార్త కదా! మా ఇంట్లో అది నా మీద సాక్ష్యంగా మారింది. 'చూశారా, మావాడికి లేదు' అన్నారు మా అత్తగారు వచ్చినవాళ్ళందరితో. అతనికి ఉంటే నేను అంటించినదాన్ని అయ్యేదాన్ని. లేకపోతే ఎక్కడినుంచో తెచ్చుకున్నదాన్నయ్యాను. ఈ లెక్కలో ఆడదానికి గెలుపు లేదు.

తర్వాత అమ్మకి, తమ్ముడికి చేయిస్తే ఇద్దరికీ పాజిటివ్. అమ్మకప్పుడు యాభై ఒకటి. కాన్పులన్నీ ఇంట్లోనే మంత్రసాని చేతుల్లో జరిగాయి. ఆమె రక్తం ఎవరూ ఎన్నడూ పరీక్ష చేయలేదు. రిపోర్టు చేతిలో పట్టుకుని అమ్మ అడిగిన మొదటి మాట 'అయితే నీకిది నేనిచ్చానా?' అని. అమ్మమ్మ నలభై దాటకుండానే కడుపునిండా నీళ్ళు చేరి పోయింది. జలోదరం అన్నారు, గ్రామదేవత కోపం అన్నారు. అది ఇదేనో కాదో చెప్పడానికి ఏ ఆధారమూ లేదు. 'తల్లి నుంచి బిడ్డకు' అనే మాట అమ్మ కన్నీళ్ళలో నాకు మొదటిసారి అర్థమైంది. ఆ మాట రాసినవాళ్ళు వైద్యపరంగా తప్పు రాయలేదు. కానీ దానికి ముందు పంక్తి ఎక్కడ? టీకా అందించలేని సర్కారు నుంచి తల్లికి, సూది ఉడకబెట్టని డాక్టరు నుంచి తల్లికి, పరీక్షే చేయించుకోని భర్త నుంచి తల్లికి... ఇవేవీ బానరు మీదకి ఎక్కవేం?

అసలు సంగతి ఇది కాదు. అమ్మ రిపోర్టు చూసిన డాక్టరు గారు చాలా దయగా ఒక మాట చెప్పారు. 'మీకు పిల్లలు పుట్టే వయసు దాటిపోయింది కదమ్మా, ఇంక భయం లేదు' అని. అమ్మ ధైర్యంగా ఇంటికొచ్చింది. ఆరునెలలకోసారి స్కానింగ్ చేయించుకోవాలని, కాలేయం పనితీరు చూసుకుంటూ ఉండాలని, అవసరమైతే రోజుకో మాత్రతో వైరస్‌ని అణిచి ఉంచొచ్చని ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఆమె వల్ల ఇక ఏ బిడ్డకీ ప్రమాదం లేదు. కనక ఆమెకే ప్రమాదం లేదు! 2016లో అమ్మ కాలేయ కాన్సర్‌తో పోయింది. ఆ డాక్టరు గారు చెడ్డవాడని నేననను. ఆయన చదువుకున్న పుస్తకంలో స్త్రీ అంటే గర్భాశయం. ఆ గర్భాశయం పని అయిపోతే ఫైలు మూసేయడమే.

ఈ ఫైలు మూసే అలవాటు ఈనాటికీ ఉంది. వైరస్ ఎక్కువగా ఉన్న గర్భిణికి నెలలు నిండేముందు టెనోఫోవిర్ మాత్రలిస్తే బిడ్డకి సోకే అవకాశం ఇంకా తగ్గుతుంది. ఇది చాలా మంచి పద్ధతి. కానీ కాన్పు తర్వాత ఆ మాత్ర ఆపేస్తే ఆమె కాలేయం ఎలా ఉందో చూస్తూ ఉండాలి, కొందరిలో జబ్బు ఎగదన్నుతుంది. చూసేవాళ్ళెవరు? పసిబిడ్డ టీకాల కార్డుంటుంది, తేదీలుంటాయి, ఆశా కార్యకర్త ఇంటికొచ్చి గుర్తు చేస్తుంది. తల్లి కాలేయానికి కార్డేదీ? 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం. ఆ మాట బానరు మీద ఉండాల్సింది. ఎంతమంది ఆడవాళ్ళకి తెలుసు? మా స్టాఫ్ రూమ్‌లో అడిగితే ఒక్కరికీ తెలియదు. వాళ్ళలో ఇద్దరు పిహెచ్.డి.లు.

ఇక టీకా చరిత్రలోకి వద్దాం. అది మన హైదరాబాదు చరిత్ర కూడా. 1997లో శాంతా బయోటెక్నిక్స్ సంస్థ 'శాన్‌వాక్ బి' పేరుతో దేశంలో తయారైన మొదటి రీకాంబినెంట్ హెపటైటిస్ బి టీకా తెచ్చింది. అంతకు ముందు దిగుమతి టీకా సామాన్యులకి అందే ధర కాదు. ఇక్కడ తయారయ్యాక ధరలు కూలిపోయాయి. సంస్థ స్థాపించిన వరప్రసాదరెడ్డి గారు దానికి తన తల్లి పేరు పెట్టారు. ఎవరి తల్లి పేరైతేనేం, నా కూతురిని కాపాడిన సీసా మీద ఒక ఆడమనిషి పేరుందని నాకు ముచ్చటే. కానీ ఆ రోజుల్లోనే టీకా కంపెనీల పోటీలో, క్లబ్బుల వాళ్ళు బడుల్లో కల్యాణ మండపాల్లో పెట్టిన కాంపుల్లో ఒక నినాదం మోగింది. 'ఎయిడ్స్ కంటే ప్రమాదకరం' అని. ఎయిడ్స్ అంటే అప్పుడు మన ఊళ్ళలో ఏమిటో గుర్తుంది కదా! చావు, పాపం, వెలి. ఆ మూడింటినీ తెచ్చి ఈ జబ్బు మెడకి కట్టారు. హెచ్.ఐ.వి. కంటే సులభంగా సోకుతుందన్న మాట నిజమే. కానీ దానికి టీకా ఉంది, టీకా వేసుకున్నవాళ్ళకి భయం లేదు అన్నది అంతకంటే పెద్ద నిజం. టీకా అమ్ముకోవడానికి భయం అమ్మారు. టీకా కొన్నవాళ్ళు ఇంటికెళ్ళి నిద్రపోయారు. అప్పటికే వైరస్ ఉన్నవాళ్ళకి భయమే మిగిలింది.

ప్రజారోగ్య ఉద్యమ మిత్రులు కొందరు ఆ వ్యాపారాన్ని అప్పుడే ప్రశ్నించారు. వాళ్ళంటే నాకు గౌరవం. కంపెనీలు లెక్కలు పెంచి చూపిస్తున్నాయన్నారు, నిజమే. అయితే దానికి బదులుగా వాళ్ళు చెప్పిన మార్గం, గర్భిణుల్ని పరీక్షించి పాజిటివ్ వచ్చిన తల్లుల పిల్లలకే టీకా వేద్దామని. ఖర్చు తగ్గేది, అవును. మరి ఆ పద్ధతిలో ప్రతి టీకా వెనకా ఒక స్త్రీ నుదుటి మీద ముద్ర ఉండేది కదా! ఏ బిడ్డకి టీకా వేశారో చూస్తే ఏ తల్లికి జబ్బుందో ఊరంతటికీ తెలిసేది. పుట్టిన ప్రతి బిడ్డకీ వేస్తే ఎవరినీ వేలెత్తి చూపనక్కరలేదు. అందుకే అందరికీ టీకా అన్నది నా దృష్టిలో స్త్రీవాద నిర్ణయం, తీసుకున్నవాళ్ళు ఆ ఉద్దేశంతో తీసుకోకపోయినా సరే. 2002-03లో కొన్ని జిల్లాల్లో, నగరాల్లో ప్రయోగంగా మొదలై, 2007-08లో ఆంధ్రప్రదేశ్‌తో సహా పది రాష్ట్రాలకీ, 2011లో దేశమంతటికీ వచ్చింది. పుట్టిన 24 గంటల్లోపు ఒకటి, తర్వాత 6, 10, 14 వారాలకి పెంటావేలెంట్‌లో కలిపి.

ఆ మొదటి 24 గంటల డోసు దగ్గరే ఇప్పటికీ జారిపోతున్నాం. ఆదివారమనీ, టీకా గది తాళం ఉన్న సిస్టరు రాలేదనీ, ఒక్క బిడ్డ కోసం పది డోసుల సీసా తెరిస్తే మిగతాది పారబోయాలనీ... తెరిచిన సీసాని పద్ధతిగా చల్లగా నిలవ ఉంచితే 28 రోజులదాకా వాడొచ్చని ప్రభుత్వమే ఆదేశాలిచ్చింది. అయినా 'డిశ్చార్జి రోజున వేద్దాం' అంటారు. మీ ఇంట్లో, మీ వీధిలో కాన్పు జరిగితే బొడ్డుతాడు గురించి, బారసాల గురించి అడిగే ముందు ఇదొక్కటి అడగండి. పుట్టిన రోజే బి టీకా పడిందా?

పెద్దవాళ్ళ సంగతి ఇంకా అన్యాయం. ఇప్పుడు ముప్పై నలభై దాటిన మనమంతా ఆ కార్యక్రమానికి ముందు పుట్టినవాళ్ళం. మనకి ఎవరూ వేయలేదు. ఒకటి, నెలకి రెండోది, ఆరో నెలకి మూడోది. మూడంటే మూడే. భర్త చేత కండోమ్ వాడించలేని స్త్రీలు ఈ దేశంలో ఎంతమందో మనకి తెలుసు. ఆ బేరంలో మనం ఎప్పుడూ ఓడిపోతూనే ఉన్నాం. ఈ టీకాకి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అది ఆమె జబ్బకి పడుతుంది, ఆమె ఒంట్లోనే పనిచేస్తుంది. ఇంత సూటిగా ఆడవాళ్ళ చేతికందే రక్షణ ఇంకోటి చూపించండి. దీని గురించి మన మహిళా సంఘాలు ఎన్ని సభలు పెట్టాయి?

ఆసుపత్రుల్లో కట్లు, సూదులు, రక్తం గుడ్డలు ఎత్తేది ఎవరు? ఔట్‌సోర్సింగ్ ఆడవాళ్ళు, ఎక్కువమంది దళిత స్త్రీలు. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాలు చాలా స్పష్టంగా చెప్తున్నాయి, ఆ వ్యర్థాలు ముట్టుకునే ప్రతి ఒక్కరికీ హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు ఆసుపత్రే వేయించాలని. డాక్టర్లు వేసుకుంటారు. నర్సులు చాలాచోట్ల వేసుకుంటారు. ఊడ్చేవాళ్ళు మాత్రం కాంట్రాక్టరు మనుషులు, వాళ్ళ సంగతి కాంట్రాక్టరే చూసుకోవాలి అంటారు. కాంట్రాక్టరు చేతి తొడుగులే ఇవ్వడు. గుజరాత్‌లోని మోడాసాలో 2009లో వాడేసిన సిరంజిలు మళ్ళీ వాడడం వల్ల ఈ జబ్బు ఊళ్ళకి ఊళ్ళే చుట్టబెట్టి, పదుల సంఖ్యలో ప్రాణాలు తీసింది. పారేసిన సూది మళ్ళీ బజారుకి వచ్చే దారిలో మొదట గుచ్చుకునేది ఏరేవాళ్ళ చేతికే.

గల్ఫ్ సంగతి తెలిసినవాళ్ళు కడప, గోదావరి జిల్లాల్లో ఎవర్నడిగినా చెప్తారు. కువైట్‌కి ఇంటిపనికి వెళ్ళడానికి అప్పు చేసి, ఏజెంటుకి డబ్బు కట్టి, మెడికల్‌కి వెళ్తే అక్కడ బి పాజిటివ్ అని తేలుతుంది. 'అన్‌ఫిట్' అని ఒక్క ముద్ర. ఆ కాగితం ఇచ్చినవాళ్ళు దాని అర్థం చెప్పరు, ఎక్కడికెళ్ళాలో చెప్పరు. అప్పు మిగులుతుంది. ఊళ్ళో 'మెడికల్‌లో పోయిందంట' అన్న మాట మిగులుతుంది. వాళ్ళు వెళ్ళేది ఇక నాటుమందు దగ్గరికే.

నాటుమందుని వెక్కిరించడం నాకు ఇష్టం ఉండదు. పెద్దాసుపత్రిలో ఎర్ర సిరా చూసినవాళ్ళు, కనీసం పక్కన కూర్చోబెట్టి మాట్లాడే పసరు వైద్యుడి దగ్గరికి వెళ్తే అది అజ్ఞానమని ఎలా అంటాం? పైగా నేల ఉసిరిని వెక్కిరించనివాళ్ళలో బ్లూంబర్గ్ గారే ఒకరు. మద్రాసు పరిశోధకులు 1988లో లాన్సెట్ పత్రికలో నేల ఉసిరి ఇస్తే కొందరిలో వైరస్ పోయిందని రాశారు, అందులో ఆయనా భాగస్వామి. తర్వాత వేరేచోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు. నిలబడలేదని గౌరవంగా చెప్పాలి. ముంజేతి మీద వాతలు పెట్టేవాళ్ళని, ఒకే సూదితో పదిమందికి గుచ్చే ఆర్.ఎం.పి.లని మాత్రం నేను క్షమించలేను.

ఇప్పుడు మొదట చెప్పిన ఫొటోలోని అమ్మాయిల దగ్గరికి రావాలి. నా దగ్గర ఇంటర్‌లో తెలుగు చదివిన ఒక అమ్మాయి నర్సింగ్‌లో చేరింది. తండ్రి తాపీ పని, తల్లి కూలి. చేరిన రెండో నెలలో అందరికీ రక్తపరీక్ష చేశారు. ఆ అమ్మాయికి పాజిటివ్ వచ్చింది. 'ఆరోగ్య కారణాల రీత్యా' స్వచ్ఛందంగా మానేస్తున్నట్టు కాగితం రాయించుకున్నారు. స్వచ్ఛందం! ఆ మాటని ఇంత దారుణంగా వాడడం తెలుగు టీచరుగా కూడా నన్ను బాధిస్తుంది. రోగి జబ్బుని నర్సుకి ఇస్తే అది సేవ, నర్సుకి జబ్బుంటే అది నేరం. అమెరికాలో వ్యాధి నియంత్రణ కేంద్రం 2012లోనే చెప్పింది, హెపటైటిస్ బి ఉన్నంత మాత్రాన వైద్య, నర్సింగ్ విద్యార్థుల్ని చదువునుంచి తప్పించకూడదని. మన దగ్గర హెచ్.ఐ.వి. ఉన్నవాళ్ళ మీద చదువులో, ఉద్యోగంలో వివక్ష చూపకూడదని 2017లో చట్టం వచ్చింది. పోరాడి తెచ్చుకున్న చట్టం అది. హెపటైటిస్ బి ఉన్నవాళ్ళకి అలాంటిది లేదు. మూడు కోట్లమందికి దగ్గరగా ఉన్నాం, మాకోసం అడిగే సంఘమెక్కడ?

'మీరు పేరు పెట్టి రాయడం ఎందుకు, అమ్మాయికి పెళ్ళి కావలసి ఉంది కదా' అన్నారు ఒక స్నేహితురాలు, తనూ రచయిత్రే. మా అమ్మాయికి ఇరవై దాటింది. వైరస్ లేదు. రక్షణ ఉందో లేదో చూసే పరీక్ష కూడా చేయించాం, ఉంది. పెళ్ళి సంగతి అది చూసుకుంటుంది. నాకు ఆరునెలలకోసారి స్కానింగ్, రోజూ ఒక మాత్ర.

నర్సింగ్ అమ్మాయి తరఫున కాలేజీకీ, విశ్వవిద్యాలయానికీ రాశాం. మొదటి ఉత్తరానికి జవాబు లేదు. రెండోదానికి 'పరిశీలనలో ఉంది' అని వచ్చింది. మేం నలుగురం కలిసి మా ఊరి ఆసుపత్రిలో ఊడ్చే ఆడవాళ్ళతో మాట్లాడి, నియమాల కాపీ పట్టుకెళ్ళి సూపరింటెండెంటు ముందు పెట్టాం. నెల రోజులు తిరిగాక పద్దెనిమిది మందికి మొదటి డోసు వేశారు. రెండోది వచ్చే నెల పద్నాలుగున. ఆ రోజు డ్యూటీ లేని ఐదుగురు తాము రాలేమంటున్నారు, ఆటో ఖర్చు ఎవరిస్తారని. కాంట్రాక్టరు ఇవ్వనన్నాడు. ఇంకోసారి అడగడానికి సోమవారం వెళ్తున్నాం.